మలుపులో ట్రాక్టర్ గరగరలాడుతోందా?

సార్వా దమ్ములు అయ్యాక ట్రాక్టర్లు మళ్లీ రోడ్డెక్కుతాయి. నెల్లాళ్లు బురదలో మునిగి తేలిన బండికి ఇనుప చక్రాలు విప్పి, ట్రక్కు తగిలించి ఎరువుల మూటలకో, ఇటుకలకో, ఇసుకకో తోలుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రైతుల నోట ఒక మాట వినిపిస్తుంది. "తిన్నగా పోయేటప్పుడు ఏమీ లేదండీ, మలుపు తిప్పితే మాత్రం గరగరమంటోంది" అని. కొందరు నాలుగు గన్నులు గ్రీజు కొట్టి ఊరుకుంటారు. కొందరు పాత బండి కదా, ఆమాత్రం మోత ఉండదా అని సరిపెట్టుకుంటారు. ఇంకొందరు నేరుగా షెడ్డుకు తోలుకుపోయి, ఏది విప్పుతానంటే దానికల్లా తలూపి, బిల్లు చేతికొచ్చాక తల పట్టుకుంటారు.

మూడూ నష్టమే. ఎందుకంటే మలుపులో వచ్చే మోతకు కారణం ఒకటి కాదు. కొన్ని గ్రీజుతో పోయేవి. కొన్ని వారం రోజులు ఆలస్యం చేస్తే చక్రమే ఊడిపోయేవి. మరికొన్ని వెనుక పెట్టె మొత్తం విప్పించి వేలకు వేలు కక్కించేవి. ఏది ఏదో రైతు తనంతట తాను చాలావరకు తెలుసుకోవచ్చు. దానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఓపిగ్గా వినే చెవి ఉంటే చాలు.

ఎకరం, రెండెకరాల రైతుకు ట్రాక్టర్ ఎక్కడిదని అనుకోవచ్చు. కాని అన్నదమ్ములు ఇద్దరు ముగ్గురు కలిసి పాత బండి కొనుక్కున్నవారు, కిరాయిలకు తిప్పి వాయిదాలు కట్టుకునేవారు ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తారు. అలాంటి బండి అదునులో రెండు రోజులు పడుకుంటే సొంత చేను ఆగుతుంది, కిరాయీ పోతుంది.

ముందు వినండి, తర్వాత విప్పండి

మొదట చేయాల్సిన పని వెనుక ఉన్నదాన్ని విడదీయడం. రోటవేటరు గాని, ట్రక్కు గాని తగిలించి ఉండగా మోత ఎక్కడిదో తేలదు. గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడు రోటవేటరును పైకెత్తితే పి.టి.ఓ. షాఫ్టు వంగుతుంది. ఆ వంపులో షాఫ్టు తిరుగుతూ ఉంటే దాని క్రాసులు కటకటమంటాయి. ఇది ట్రాక్టర్ రోగం కాదు. మలుపులో పి.టి.ఓ. ఆపితే ఆ మోతా ఆగుతుంది, క్రాసులూ నాలుగు కాలాలు మన్నుతాయి. అలాగే నాలుగు చక్రాల ట్రక్కుల్లో ముందు ఇరుసు తిరిగే పళ్లెం ఎండిపోయినా, కొక్కెంలో పిన్ను అరిగినా మలుపులో కిర్రు, టక్కు మంటాయి. ఇవన్నీ విడదీశాక కూడా మోత వస్తేనే ట్రాక్టర్‌ను అనుమానించాలి.

తర్వాత గట్టి నేల మీద, అంటే ఎండిన కళ్లం మీదనో రోడ్డు పక్క ఖాళీ జాగాలోనో బండిని నిలపండి. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా కదలకుండానే స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. అప్పుడే కిర్రుమంటే చక్రం బేరింగు కాదు, కింగ్‌పిన్ వైపు చూడాలి. పవర్ స్టీరింగు బండి అయితే, 'గుయ్'మని మూలిగితే ఆయిలు తగ్గిందేమో చూడాలి. స్టీరింగును పూర్తిగా చివరికంటా తిప్పి గట్టిగా పట్టుకుంటే ఏ పవర్ స్టీరింగు అయినా మూలుగుతుంది. అది జబ్బు కాదు, పంపు మీద ఒత్తిడి. అలా పట్టి ఉంచకూడదు.

ఇక మొదటి గేరులో ఎడమకు ఒక చుట్టు, కుడికి ఒక చుట్టు తిప్పండి. తోలేవారికి ఇంజను మోతలో సరిగా వినపడదు. ఇంకొకరిని నిలబెట్టి వినమనండి. చుట్టుకు బయట, బండికి దూరంగా నిలబడాలి. చక్రం పక్కనే నడుస్తూ చెవి పెట్టడం, మడ్‌గార్డు మీద కూర్చుని వంగి చూడటం ప్రాణం మీదకు తెస్తుంది. మోత ముందు నుంచా, వెనుక నుంచా? ఎడమకు తిప్పినప్పుడా, కుడికి తిప్పినప్పుడా? బ్రేకు తొక్కినప్పుడు మాత్రమేనా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే పని సగం అయినట్టే.

ఒక గుర్తు చెప్పాలి. బండి ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి పక్కకు తూగుతుంది. కాబట్టి ఎడమ మలుపులో మోత పెరిగితే కుడి చక్రం బేరింగును, కుడి మలుపులో పెరిగితే ఎడమ చక్రాన్ని ముందు అనుమానించాలి. పూర్తిగా దీన్నే నమ్మి ఒక పక్కే విప్పి ఊరుకోవద్దు. ఎక్కడ మొదలెట్టాలో చెబుతుంది, అంతే.

దమ్ము చేసిన బండికి ముందు చక్రమే శత్రువు

మన డెల్టా పల్లెల్లో మలుపు మోతకు ఎక్కువగా దొరికే కారణం ముందు చక్రాల హబ్బు బేరింగులే. హబ్బు లోపల ఒకదానికొకటి ఎదురుగా రెండు టేపర్ బేరింగులు ఉంటాయి, లోపలిది పెద్దది, బయటిది చిన్నది. ఈ ఏటవాలు రోలర్ల బేరింగుకు 1898లో అమెరికాలో పేటెంటు పొందిన హెన్రీ టిమ్‌కెన్ గుర్రపుబండ్లు తయారుచేసే మనిషి. బరువు బండ్లు మలుపు తిరిగేటప్పుడు చక్రం మీద పక్క నుంచి పడే ఒత్తిడిని తట్టుకోలేక ఇబ్బంది పడటం చూసే ఆయన రోలర్లను ఏటవాలుగా పెట్టాడు. అంటే ఆ బేరింగు పుట్టిందే మలుపు కోసం. అది పాడైతే మొదట మలుపులోనే అరవడంలో వింత లేదు.

పాడుచేసేది నీళ్లు, బురద. దమ్ములో ముందు చక్రాలు ఇరుసు దాకా మునుగుతాయి. పొద్దున్నుంచీ తిరిగి వేడెక్కిన హబ్బు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, అరిగిన సీలు సందులోంచి బురదనీటిని లోపలికి పీలుస్తుంది. నీరు కలిసిన గ్రీజు తెల్లగా, మజ్జిగలా అవుతుంది. ఇక అది గ్రీజు పని చేయదు. దానికి తోడు సన్నటి ఇసుక చేరితే రోలర్లు తిరగలిలో పడ్డట్టే. దమ్ము జరుగుతున్నన్నాళ్లు ఏమీ తెలియదు, బురదలో మోత వినపడదు. రోడ్డెక్కాకే బయటపడుతుంది.

ఇంకో తేలిక గుర్తు ఉంది. నాలుగైదు కిలోమీటర్లు తోలి వచ్చాక రెండు ముందు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. తాకే ముందు చేతి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి సెగ చూసుకోవాలి. రెండూ గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి చల్లగా, ఒకటి చురుక్కుమనేట్టు ఉంటే ఆ రెండోదాన్ని ఆ రోజే విప్పాలి.

జాకీ పెట్టేటప్పుడు

బండిని చదునైన గట్టి నేల మీద పెట్టి, ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. వెనుక ఏదైనా పరికరం ఉంటే నేలకు దించాలి. ట్రాక్టర్ ముందు ఇరుసు నడుమ ఒక్క పిన్ను మీద ఊగుతుంది. ఒక పక్క జాకీ ఎత్తితే బండి రెండో పక్కకు ఒరుగుతుంది. అందుకే ఇరుసుకు, పైనున్న బ్రాకెట్టుకు మధ్య రెండు పక్కలా చెక్క ముక్కలు బిగించాకే జాకీ ఎత్తాలి. ఎత్తాక గట్టి కొయ్య దిమ్మ పెట్టి బండి బరువు దాని మీదకు దించాలి. జాకీని నమ్మి, ఇటుకలు పేర్చి కింద దూరడం మానండి. ఇటుక పగిలేముందు చెప్పి పగలదు.

ఇప్పుడు చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. కదలిక ఉంటే ఎక్కడ కదులుతోందో చూడాలి. హబ్బుకూ దాని ఇరుసు మొనకూ మధ్య సందు కదిలితే బేరింగు. ఇరుసు మొనతో సహా కింగ్‌పిన్ దగ్గర కదిలితే బుష్‌లు పోయినట్టు. ముందు వైపు, వెనుక వైపు పట్టి ఊపితే కదిలితే టైరాడ్ చివర్లు చూడాలి. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పండి. పెద్ద స్క్రూడ్రైవరు మొన హబ్బు వెనుక కదలని ఇనుము మీద ఆనించి, పిడికి చెవి పెడితే బేరింగు గరగర ఇసుక నమిలినట్టు వినపడుతుంది.

విప్పడం, కడగడం, బిగించడం

ఇది రైతు చేసుకోగలిగిన పనే. చక్రం తీసి, హబ్బు మూత విప్పి, స్ప్లిట్ పిన్ను లాగి, గాట్ల నట్టు విప్పితే బయటి బేరింగు చేతికి వస్తుంది. హబ్బును తిన్నగా లాగాలి. సీలు ఎటు తిరిగి ఉందో తీసేముందే చూసి గుర్తుపెట్టుకోండి, కొత్తది అదే వైపు కూర్చోవాలి. విడి భాగాలను శుభ్రమైన పళ్లెంలో డీజిలు పోసి కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. గాలి గొట్టంతో బేరింగును గిర్రున తిప్పి ఆరబెట్టే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. అది ప్రమాదం, బేరింగుకూ చేటు.

వెలుతురులో పెట్టి రోలర్లను, కప్పులను చూడండి. తుప్పు మచ్చలు, గుంటలు, వేడికి నీలం తిరిగిన చారలు, విరిగిన జల్లెడ, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆ బేరింగును మార్చాల్సిందే. మార్చేటప్పుడు లోపలి కోను, హబ్బులో దిగి ఉన్న కప్పు రెండూ కలిపి మార్చాలి. కప్పు తీయడం కష్టమని పాత కప్పులోనే కొత్త కోను పెట్టించేవారున్నారు. పాత గుంటల మీద కొత్త రోలర్లు తిరిగి నెలలోపే మళ్లీ అదే మోత మొదలవుతుంది. పాత కప్పును ఇత్తడి రాడ్డు పెట్టి చుట్టూ కొద్దికొద్దిగా కొడుతూ దించాలి. కొత్త కప్పు హబ్బులో చివరంటా ఆనేదాకా సమంగా కూర్చోవాలి.

బేరింగు నెంబరు దాని మీదే చెక్కి ఉంటుంది. అది రాసుకుని, పాతదాన్ని కూడా చేతపట్టుకుని కొట్టుకు వెళ్లండి. పేరున్న కంపెనీ డబ్బాలో నాసిరకం సరుకు పెట్టి అమ్మడం కొత్త కాదు. డబ్బా మీది నెంబరు, బేరింగు మీది నెంబరు ఒకటేనా అని చూసి, బిల్లు తీసుకోండి. ఒక పక్క నీళ్లు దిగిందంటే రెండో పక్కా దిగే ఉంటుంది. రెండు వైపులా విప్పి చూడటమే మంచిది. సీళ్లు మాత్రం ఎలాగూ కొత్తవే వేయాలి. సీలు పెదవి ఆనే చోట ఇరుసు మీద గాడి పడిందేమో గోటితో తడిమి చూడండి. గాడి ఉంటే కొత్త సీలు కూడా నీళ్లను ఆపదు, అది మెకానిక్‌కు చూపించాలి.

గ్రీజు పైపైన పూస్తే చాలదు. అరచేతిలో గ్రీజు పెట్టుకుని బేరింగు వెడల్పు అంచును దానికేసి ఒత్తుతూ, రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా ఎక్కించాలి. హబ్బు లోపల కూడా పెట్టాలి గాని కొంత ఖాళీ ఉంచాలి. కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే వాడండి. పాత గ్రీజు మీద వేరే రకం కలపడం కంటే పూర్తిగా కడిగి ఒకటే రకం పెట్టడం మేలు.

చాలామంది తప్పు చేసేది చివరి నట్టు దగ్గర. చక్రం ఊగుతోందని దాన్ని శక్తికొద్దీ బిగిస్తారు. ఒక రైతు ఇలాగే బిగించి, కొత్త బేరింగులు పదిహేను రోజులకే నల్లబడ్డాయని కొట్టువాడితో తగవుకు వెళ్లాడు.

"నట్టు ఎంత బిగించావు బాబాయ్?" అని పక్కనే ఉన్న మెకానిక్ అడిగాడు.

"పానాకు పైపు తొడిగి బిగించానబ్బాయ్, మళ్లీ వదులవకూడదని."

"అదే మరి. పైపు తొడిగితే లారీ చక్రం నట్టు బిగుస్తుంది, ఇది కాలిపోతుంది."

టేపర్ బేరింగుకు రవ్వంత వదులు ఉండాలి. హబ్బును చేత్తో తిప్పుతూ నట్టు బిగించండి. తిరగడం కొంచెం బరువనిపించగానే ఆపి, నట్టును వెనక్కి ఒక గాటు వదలండి. ఇప్పుడు హబ్బు తేలిగ్గా తిరగాలి, ఊపితే కదలిక చేతికి తెలిసీ తెలియనట్టు ఉండాలి. మీ బండికి కంపెనీ పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. స్ప్లిట్ పిన్ను కొత్తది వేయాలి. మేకు ముక్కో, బైండింగు వైరో దూర్చి వంచేస్తే, అది తెగిన రోజున నట్టు తిరిగి తిరిగి ఊడిపోతుంది. దాని వెనుకే చక్రం వస్తుంది. ట్రక్కులో పదిమంది కూలీలను ఎక్కించుకుని పోతున్నప్పుడు ఇది జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అసలు ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడమే నేరం, ఎక్కించకుండా నడిచే ఊరూ లేదు.

ఒక రోజు తోలాక మళ్లీ జాకీ ఎత్తి కదలిక చూసుకోండి. వారంటీలో ఉన్న కొత్త బండిని మాత్రం ఇంట్లో విప్పకండి, కంపెనీ సర్వీసుకే చూపించండి.

కింగ్‌పిన్ దగ్గర కిర్రు

ఇది చాలాసార్లు గ్రీజుతో పోయే మోతే. ముందు చక్రాల పైభాగాన, ఇరుసు నడుమ పిన్ను దగ్గర గ్రీజు నిపుల్స్ ఉంటాయి. దమ్ము రోజుల్లో సాయంత్రం బండి కడిగాక రోజూ గ్రీజు కొట్టాలి, పాత గ్రీజు, బురదనీరు బయటికి వచ్చి కొత్త గ్రీజు కనిపించేదాకా. నిపుల్ మూసుకుపోతే గన్ను నొక్కినా లోపలికి పోదు, పక్కనుంచి కారిపోతుంది. అలాంటిదాన్ని విప్పి సన్నటి తీగతో పొడవాలి, కాకపోతే మార్చాలి. పది ఇరవై రూపాయల నిపుల్ కోసం కింగ్‌పిన్, బుష్‌లు, కింది థ్రస్టు బేరింగు పోగొట్టుకున్న బండ్లు ఎన్నో. బరువును మోసేది ఆ థ్రస్టు బేరింగే. అది పగిలితే గ్రీజు కొట్టినా కిర్రు తగ్గదు, స్టీరింగు బరువెక్కుతుంది.

వెనుక నుంచి వస్తే

ఎడ్లబండి మలుపు తిరిగితే రెండు చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. ట్రాక్టర్ వెనుక చక్రాలు రెండూ ఇంజనుతో ముడిపడి ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కాబట్టి నడుమ డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె పెట్టారు. తిన్నగా పోయేటప్పుడు అందులోని చిన్న గేర్లకు తమలో తాము తిరిగే పని ఉండదు. మలుపులోనే తిరుగుతాయి. అందుకే తిన్నగా నిశ్శబ్దంగా ఉండి, ఎటు తిప్పినా వెనుక పెట్టెలోంచి గరగర వస్తే ఆ చిన్న గేర్లను, వాటి వాషర్లను అనుమానించాలి. తిన్నగా పోయేటప్పుడు కూడా మోత ఉండి, ఇంజను పెంచితే పెరుగుతుంటే క్రౌన్, పినియన్ వైపు చూడాలి.

అంతకంటే ముందు డిఫరెన్షియల్ లాక్ పెడల్ వదిలిందో లేదో చూడండి. బురదలో ఒక చక్రం జారుతుంటే తొక్కి, గట్టెక్కాక అది బిగుసుకుని ఉండిపోవడం మామూలే. లాక్‌తో మలుపు తిప్పితే బండి తిరగనని మొరాయిస్తుంది, టైర్లు నేలను గీరుతాయి, లోపల టకటకమంటుంది. లాక్ తిన్నగా పోయేటప్పుడే వాడాలి.

తర్వాత ఆయిలు. గేజీ తీసి మట్టం చూడండి. ఆయిలు తెల్లగా పాలలా ఉంటే నీరు చేరింది, వెంటనే మార్చాలి. అడుగు నట్టు విప్పి ఆయిలు దించినప్పుడు సన్నటి మెరిసే పొడి కనిపిస్తే కొంత అరుగుదల మామూలే. ఇనుప ముక్కలు, పళ్ల పెచ్చులు వస్తే మాత్రం ఆ బండిని ఇక తోలకూడదు. విరిగిన పన్ను మిగతా పళ్ల మధ్య పడితే నష్టం అక్కడితో ఆగదు. ఈ పెట్టె విప్పడం ఇంట్లో చేసే పని కాదు. షెడ్డులో కూడా దించిన ఆయిలు, తీసిన ముక్కలు మీ కళ్లతో చూశాకే ఏం మార్చాలో మాట్లాడుకోండి.

ఒక పక్క బ్రేకు తొక్కి తిప్పినప్పుడే గరగర వస్తే, బ్రేకు లేకుండా అదే మలుపు తిప్పి చూడండి. మోత పోతే బ్రేకు లైనింగులు అరిగి ఇనుముకు ఇనుము రాసుకుంటోందని అర్థం. నూనెలో మునిగి ఉండే బ్రేకులైతే తప్పు రకం ఆయిలు పోసినా మూలుగుతాయి. చేలో పని అయ్యాక రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్లను కొక్కెంతో కలపడం మరవకండి. విడిగా ఉన్న పెడళ్లలో ఒకటే తొక్కితే బండి గిర్రున తిరిగి పల్టీ కొడుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ ఉన్నవారికి ఒక మాట. ముందు చక్రాల డ్రైవు వేసి ఉంచి తారురోడ్డు మీద మలుపులు తిప్పితే టైర్లు గీరుకుంటాయి, గేర్లు మొరపెడతాయి. బురదలో ఆ ఒత్తిడి జారిపోతుంది, తారు మీద జారదు. రోడ్డెక్కగానే దాన్ని తీసేయాలి.

కారు, చిన్న ట్రాలీ ఉంటే

మారుతి 800 నుంచి నేటి చిన్న కార్ల దాకా చాలావాటికి ఇంజను బలం ముందు చక్రాలకే పోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టిక్‌టిక్‌మంటే చక్రం వెనుక షాఫ్టు చివర రబ్బరు తొడుగు చిరిగిందేమో వంగి చూడండి. చిరిగిన తొడుగులోంచి గ్రీజు పోయి మట్టి చేరితే జాయింటు అరుగుతుంది. మోత రాకముందే తొడుగు మారిస్తే తక్కువలో పోతుంది. టాటా ఏస్ లాంటి బండ్లకు వెనుక చక్రాలే లాగుతాయి కనుక ఈ జాయింటు బాధ లేదు, హబ్బు బేరింగు, బ్రేకుల సంగతే చూసుకోవాలి. గులకరాయి బ్రేకు రేకు సందులో ఇరుక్కుని కూడా భయపెట్టేంత గీర వస్తుంది. చక్రం తీసి రాయి తీస్తే సరి.

పాత బండి కొనేవారికి

బేరం కుదిరాక కాదు, కుదరక ముందే ట్రక్కు విప్పించి బండిని గట్టి నేల మీద ఎడమకు పది చుట్లు, కుడికి పది చుట్లు తిప్పించండి. ముందు చక్రాలు ఎత్తించి ఊపి చూడండి. వెనుక పెట్టె ఆయిలు గేజీ తీసి తుడిచి చూడండి. ఆ రోజే కొత్త ఆయిలు పోసి, దండిగా గ్రీజు కొట్టి పెట్టిన బండి మోతను కొన్నాళ్లు దాచుకుంటుంది. అందుకని అరగంట తోలి వేడెక్కాక మళ్లీ తిప్పి వినాలి. అమ్మేవారు అరగంట తోలనివ్వనంటే కారణం అడగండి.

ట్రాక్టర్ నడపడం, సంరక్షణ, రిపేర్లు స్వయంగా నేర్చుకోవాలనుకునే రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఇంట్లో చదువు ఆపేసిన కుర్రాడు ఉంటే, దాళ్వా నాట్లకు ముందు ఖాళీ రోజుల్లో పంపవచ్చు. తేదీల వివరాలు మండల వ్యవసాయాధికారిని అడిగితే తెలుస్తాయి.